బుడేన్ సాహెబ్ కాపలా కాసిన సీసాలు

బుడేన్ సాహెబ్‌కు నమ్మకం అనేది ఒంటికి పడదు. కాలేజీ గేటు ముందు కొట్లో టీ గ్లాసు చేతికి రాగానే మొదట వాసన చూస్తాడు. తర్వాత వెలుతురుకు ఎత్తి చూస్తాడు. ఆ తర్వాత టీ పోసిన మనిషి ముఖం చూస్తాడు. ఈలోపు టీ చల్లారిపోతుంది. చల్లారింది కాబట్టి ఎప్పుడో కాచిందే పోశాడని ఇంకో అనుమానం. పదకొండేళ్లు ఆయనతో కలిసి పనిచేశాను. ఒక్కరోజు కూడా ఆయన టీ వేడిగా తాగగా చూడలేదు.

కడప శివార్లలోని ఆ కాలేజీలో నేను స్టోర్స్ చూసేదాన్ని. గాజు సామాను, మందులు, తాళాలు అన్నీ నా చేతిమీదుగానే పోయేవి. ఆయన కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు, పొద్దున్నే తాళం తీసి తుడిచి నీళ్లు పొయ్యి మీద పెట్టేవాడు. నేను ఇచ్చిన బీకర్లను నా ముందే ఒక్కొక్కటీ వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. "బీటుంటే శబుదం చెప్తాదమ్మా రెజీనమ్మా" అనేవాడు. పగిలినవి అంటగడతానని నా మీద అనుమానం. నాకు ఒళ్లు మండేది.

ఈ గుణానికి మూలం ఆయన పాత వృత్తిలో ఉంది. వాళ్లది కమలాపురం. తాతల నాటి నుంచి కళాయి పని. ఇత్తడి గిన్నెను కొలిమి మీద కాల్చి, నవాసారం పొడి చల్లి, తగరం తాకించి దూదితో ఒక్క ఊపున తిప్పితే గిన్నె లోపల తెల్లగా మెరిసేది. తగరంలో సీసం కలిపితే ఖర్చు తక్కువ, మెరుపు మాత్రం అంతే. తిన్నవాళ్లకే విషం. అందుకే కళాయి వాడి మీద ఊరందరికీ అనుమానం. ఆడవాళ్లు గిన్నెలు ఇచ్చి లోపలికి వెళ్లిపోయేవాళ్లు కాదు, ఎదురుగా గొంతుక్కూర్చుని చేతులవంకే చూసేవాళ్లు. దానికి వాళ్ల నాయన ఒక పద్ధతి పెట్టాడు. పని మొదలుపెట్టే ముందు తగరం కడ్డీని ఇంటావిడ చెవి దగ్గర పెట్టి వంచాలి. మంచి తగరం వంగేటప్పుడు చిటచిటమంటుంది, సీసం కలిస్తే నోరెత్తదు. ఆ తర్వాత రెండు చేతులూ కనబడేటట్టు కూర్చుని పని చేయాలి. "చెయ్యి దాస్తే మనిషిని దాసినట్టేరా" అనేవాడట ఆయన.

బుడేన్ సాహెబ్ ఇరవై ఏళ్లు అలాగే కూర్చున్నాడు. ఇరవై ఏళ్లూ ఆ చూపులు భరించాడు. స్టీలు గిన్నెలొచ్చి కొలిమి ఆరిపోయాక మా కాలేజీకొచ్చాడు. అంతవరకూ ఊరు తనను చూసిన చూపుతోనే ఇక ఆయన ఊరిని చూడడం మొదలుపెట్టాడు. ఇది నేను చాలా ఆలస్యంగా అర్థం చేసుకున్న సంగతి.

మా ల్యాబులో అంజలి మేడం అని పెద్ద చదువు చదివినావిడ ఒక పని పెట్టుకుంది. ఒక పక్క హైడ్రోజన్, ఇంకో పక్క మామూలు గాలి పంపితే పొగా చప్పుడూ లేకుండా కరెంటు ఇచ్చే చిన్న పెట్టె. ఫ్యూయల్ సెల్ అంటారు. కరెంటు పోయినా పల్లె ఆసుపత్రిలో టీకాల ఫ్రిజ్ ఆగకూడదని ఆవిడ ఆశ. ఇలాంటి పెట్టెలు ఇదివరకే ఉన్నాయిగానీ, వాటిలో ప్లాటినం కావాలి, ఖరీదైన పొర కావాలి. పెట్టెలో ఆమ్లం బదులు క్షారం పెట్టుకుంటే నికెల్‌తోనే పని జరిగిపోతుంది. ఇక మిగిలింది రెండు గ్యాసుల మధ్య నిలబడే పొర. వేడికీ క్షారానికీ తట్టుకునే చవక పాలిమర్ పొర తయారుచేయడమే ఆవిడ పని.

ఆ పొర పోసింది బుడేన్ సాహెబే. గుళికల్లాంటి పాలిమర్‌ను మందులో కరిగించి, గాజు పలక మీద పోసి, అంతటా ఒకే మందం వచ్చేటట్టు గాజు కడ్డీతో లాగాలి. చదువుకున్న పిల్లలు లాగితే ఒకచోట దళసరి, ఒకచోట చిల్లు. బుడేన్ సాహెబ్ తగరం తిప్పిన చేత్తో ఒక్క లాగు లాగితే, ఆరాక మీగడలాగా లేచి వచ్చేది. ఆయన దాన్ని మీగడ అనే పిలిచేవాడు. మేడం కూడా చివరికి మీగడే అనడం మొదలుపెట్టింది. అరవై దగ్గరపడిన ఆ మనిషి ఆ మాటకు ఎంత పొంగిపోయాడో నేను చూశాను.

పొర పోసిన తర్వాత పని వసంతకుమార్‌ది. మైదుకూరు పిల్లవాడు, ఇరవై ఏడేళ్లుంటాయి, డాక్టరేటుకు అయిదో ఏడు. ఆదివారం మా చర్చిలోనే నా ముందు బెంచీలో కూర్చునేవాడు. పొరను కాస్టిక్ పొటాష్ నీళ్లలో నానబెట్టి, కాచి చల్లార్చిన నీళ్లలో కడిగి, మీటరు పెట్టి కరెంటును ఎంత చురుగ్గా పంపుతోందో కొలిచి, సీసాలో వేసి, అంచుదాకా అవే నీళ్లు పోసి మూత బిగిస్తాడు. సాయంత్రం కొలత, పొద్దున కొలత నోటుపుస్తకంలో రాస్తాడు. బుడేన్ సాహెబ్‌ను మామా అనేవాడు. ఆయన అల్లుడూ అనేవాడు. "కూతుర్ని ఇయ్యకుండానే అల్లుణ్ణి సంపాదిస్తి" అని ఆయన అంటే, "కట్నం ఎగ్గొడితివి మామా" అని వీడు. ల్యాబులో రోజూ ఇదే వినోదం.

పెట్టెలోకి పంపే గాలిని మేడం ముందుగా సున్నపు నీళ్లలోంచి బుడగలుగా పంపేది. అది చూసి సాహెబ్ మురిసిపోయాడు. "గాలిని గుడకా అనుమానిస్తాండారే మేడం గారూ! నాకన్నా మీరే నయం" అన్నాడు. మేడం నవ్వి, గాలిలో ఉండే బొగ్గుపులుసు వాయువు పొరను మొద్దుబారుస్తుందని పిల్లలకు చెప్పింది. పిల్లలకు చెప్పింది, సాహెబ్‌కు చెప్పలేదు. సీసాల మీద మూత తీయరాదని ఇంగ్లీషులో రాసిన చీటీ అంటించింది. సాహెబ్‌కు ఉర్దూ వచ్చు, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఇంగ్లీషు చీటీ ఆయనకు గోడకు వేసిన సున్నంతో సమానం. ఆ చీటీ కాగితం ఇచ్చిందాన్ని నేనే, నాకూ తట్టలేదు.

ఆయనకు మేడం చెప్పింది వేరే ఒకటి. ఒకరోజు వేడికి పాడైన పొర ఒకటి కుళ్లిన చేపల వాసన వేసింది. పొర విరిగిపోయేటప్పుడు ఈ వాసనే వస్తుందని, ఇది అందరికంటే ముందు పసిగట్టింది సాహెబేనని ఆవిడ మెచ్చుకుంది. నవాసారం పొగలో పెరిగిన ముక్కు మరి. ఆ రోజునుంచి ఆ ముక్కు ల్యాబుకు కాపలా అనుకున్నాడు ఆయన.

ఆ తర్వాత కొద్ది రోజులకే, మాఘమాసంలో, కొలతలు తప్పడం మొదలైంది. సాయంత్రం ఎనభై చూపించిన పొర పొద్దున నలభై చూపించేది. మేడం మూతలు మార్పించింది, నీళ్లు రెండుసార్లు కాయించింది. మూత బిగుతుగానే ఉంది, నీళ్లు అంచుదాకా ఉన్నాయి, అయినా పొద్దునకు నలభై. అలా పది రోజులు గడిచాయి. ఏప్రిల్‌లో వసంతకుమార్ కొలతలు పరీక్షించడానికి బయటివాళ్లు రావాలి. అవి నిలబడకపోతే వాడి అయిదేళ్ల చదువు నీళ్లపాలు.

ఒక మధ్యాహ్నం సాహెబ్ స్టోర్స్‌కొచ్చి తలుపు దగ్గరికేశాడు.

"రెజీనమ్మా, నీకొక్క మాట చెప్తా. అల్లుడి మీద నాకు అనుమానంగా ఉండాది."

"ఏమైంది సాహెబ్?"

"నేను పోసిన మీగడ మంచిదమ్మా. నా చెయ్యి నాకు తెల్దా? దాన్ని ఎవరో మారుస్తాండారు. మంచిది తీసి, దొంగది పెడ్తాండారు. కొలిచేది, మూత బిగించేది యెవురు? వాడొక్కడే గదా."

నేను కొట్టిపారేశాను. ఆయన పోలేదు.

"ఆదివారం ఆదివారం చర్చి అయినాంక మైదుకూరికి పోతాడు సూడు, ఆ సంచీలో మీగడ కత్తిరింపులు ఏసుకుంటాండాడు. నా కండ్లతో చూసినా. ఇంకోటి చెప్తే నువ్వు నమ్మవు. చిన్న చిన్న కాగితాలు. కొన్నిటికి పసుపు, కొన్నిటికి కుంకుమ."

అక్కడ నాకూ అనుమానం అంటుకుంది. చర్చికొచ్చే పిల్లవాడి సంచిలో పసుపూ కుంకుమా ఏమిటి? సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు చేతబడి దాకా పోయింది ఆలోచన. ఆదివారం వాడు మోకాళ్లూని ప్రార్థన చేస్తుంటే వెనక బెంచీలో కళ్లు తెరిచి వాడి సంచివంకే చూస్తూ కూర్చున్నాను. సంచి మూతిలోంచి ఎర్ర మరకల కాగితం ఒకటి నిజంగానే కనబడింది. సోమవారం పొద్దున్నే పోయి అంజలి మేడంతో చెప్పాను.

ఆవిడ చేతబడిని పట్టించుకోలేదు. కానీ ఆవిడ మనసులో అంతకన్నా పెద్దదే ఉంది. సాయంత్రం కొలిచేదీ వాడే, మూత బిగించేదీ వాడే, పొద్దున తీసేదీ వాడే. మూత కదలకుండా ఎనభై నలభై కాదు కాబట్టి, ఆ ఎనభై ఎప్పుడూ లేదేమో! వాడు కొలవకుండానే రాశాడేమో! పరిశోధన చేసేవాడి మీద అంతకన్నా పెద్ద నింద లేదట. దొంగతనమైనా మాఫీ చేస్తారుగానీ దొంగ అంకె మాఫీ చేయరట.

వాణ్ణి పిలిచి నోటుపుస్తకం ముందు పెట్టి అడిగింది. నేను గుమ్మంలో ఉన్నాను. సాహెబ్ నీళ్లు కాస్తూ అటు తిరిగి నిలబడ్డాడు.

"ఈ అంకెలు కొలిచి రాసినవేనా?"

"కొలిచే రాసినా మేడం."

"మరి పొద్దునకు ఏమవుతున్నాయి?"

వాడు నోరు తెరిచాడు. ఒకసారి కాగుతున్న నీళ్లవైపు, అంటే సాహెబ్ వీపువైపు చూశాడు. మళ్లీ నోరు మూసుకున్నాడు. ఆ చూపును నేను తప్పు ఒప్పుకున్నట్టే అనుకున్నాను. మేడం కూడా అలాగే అనుకుంది. సంగతి తేలేదాకా ల్యాబుకు రావద్దని, తాళంచెవి ఇచ్చేయమని అడిగింది. వాడు తాళంచెవి నా చేతిలో పెట్టి, సంచి భుజానికేసుకుని మైదుకూరు బస్సెక్కాడు. తర్వాతి ఆదివారం నా ముందు బెంచీ ఖాళీ.

సాహెబ్ మాత్రం కుదుటపడ్డాడు. ఇక నుంచి మీగడ ఎట్లా నిలబడకుండా పోతుందో చూస్తానన్నాడు. రెండు రోజులు మేడమే స్వయంగా సాయంత్రం కొలిచింది, స్వయంగా మూత బిగించింది. ఎనభై. పొద్దున తొమ్మిదింటికి స్వయంగా తీసింది. నలభై. తన చేత్తో రాసిన ఎనభై అబద్ధం కాదు కదా, అంటే వాడు రాసిందీ కాదు. నా దగ్గరికొచ్చి మెల్లగా అంది, "రెజీనా, రేపు ఏడున్నరకే వద్దాం. ఎవరికీ చెప్పకు." ఆ పొద్దు నాకు ప్రతివాడి మీదా అనుమానమే. వాచ్‌మన్ మీద, పక్క ల్యాబు వాళ్ల మీద, చివరికి ఇంత గుట్టుగా రమ్మన్న మేడం మీద కూడా.

తలుపు తీసే ఉంది. ల్యాబు తుడిచి ఉంది. నీళ్లు పొయ్యి మీద ఉన్నాయి. కిటికీ దగ్గర బుడేన్ సాహెబ్ నిలబడి, ఒక సీసా మూత తీసి, పట్టకారుతో పొరను బయటికి లాగి ఎండకు ఎత్తి చూస్తున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. ముక్కు దగ్గరికి తెచ్చి, నిండుగా పీల్చి, నిండుగా వదిలాడు. ఇంకోసారి పీల్చాడు. తర్వాత ఎంతో భద్రంగా లోపల వేసి, తరిగిన నీళ్లు అంచుదాకా పోసి, మూత బిగించి, రెండో సీసా తీసుకున్నాడు.

"సాహెబ్!" అంది మేడం.

ఆయన బెదరలేదు. నవ్వాడు. "వాసన ల్యా మేడం గారూ. చేపల వాసన అస్సల్లేదు. మీగడ నాదే, ఎవురూ మార్చలా."

"రోజూ తీస్తారా?"

"రోజూ! వాడు పోయినా తీస్తాండా. కాపలా కాయొద్దా? ఒక్కోదానికి బీడీ తాగినంత సేపు. మీరు చెప్పినట్టే నీళ్లు నిండుగా పోస్తాండా, ఒక్క చుక్క తగ్గకుండా."

మేడం స్టూలు లాక్కుని కూర్చుంది. తర్వాత ఒక గాజు గ్లాసులో సున్నపు తేట పోసి, గొట్టం ఇచ్చి ఊదమంది. ఆయన ఊదాడు. తేట నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. "ఇలా తెల్లబరిచే బొగ్గుపులుసు వాయువు గాలిలో కొంచెమే ఉంటుంది సాహెబ్, మన ఊపిరిలో దానికి వంద రెట్లుంటుంది. పొరను మొద్దుబార్చేది అదే" అంది. ఆయన గ్లాసువంక చూశాడు, సీసాలవంక చూశాడు. గొట్టం కింద పెట్టి, సీసాల దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. ఆ రోజు కొత్త పొరలు వేసి మూత బిగించాక ఎవరూ సీసాలు ముట్టలేదు. మర్నాడు పొద్దున మీటరు ఎనభై చూపించింది.

ఆ సాయంత్రం మేడం ఫోన్ చేస్తే వసంతకుమార్ ఎత్తలేదు. నేనూ సాహెబూ తెల్లారి మైదుకూరు బస్సెక్కాం. దారి పొడుగునా ఆయన పక్క సీటువాడి మూట మీద కూడా అనుమానపడలేదు. నేను కిటికీలోంచి చూస్తూ నా మాటలన్నీ గుర్తుచేసుకుని నన్ను నేను తిట్టుకున్నాను. మేడంకు చెప్పింది ఆయన కాదు, నేను.

వాడు ఊరి బయట కల్లంలో ఉన్నాడు. ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఎండలో పరిచి కాళ్లతో కెలుకుతున్నాడు. మోకాళ్లదాకా పసుపు. మమ్మల్ని చూసి పలకరించాడుగానీ మామా అనలేదు.

"కూసోండి. ఎండ పడి వస్తిరి."

సాహెబ్ కూర్చోలేదు. జరిగింది జరిగినట్టు నిలబడే చెప్పాడు. తానే తీసినట్టు, తానే ఊపిరి వదిలినట్టు, సంచిలో పసుపు కుంకుమ కాగితాలు చూసి తానే పుకారు పుట్టించినట్టు. అందులో నేను మోసిన భాగం నేను చెప్పాను.

వసంతకుమార్ చేతులు దులుపుకుని, చెట్టుకు తగిలించిన సంచిలోంచి కాగితాల కట్ట తెచ్చాడు. ప్రతిదాని మీదా తేదీ, సమయం. సాయంత్రం కాగితాలు ఎర్రగా, పొద్దునవి పసుపుగా ఉన్నాయి.

"మీటరు మీద అనుమానమొచ్చి చేసినాలే. మా పసుపే, నీళ్లలో కలిపి కాగితానికి పూసినా. క్షారం బాగుంటే పసుపు ఎర్రగ తిరుగుతాది, మా అమ్మ సున్నం కలిపి కుంకుమ చేసినట్టు. చచ్చిందంటే తిరగదు. మీగడ కత్తిరింపులు అవే సీసాల్లో ఏసి, సాయంత్రం ఒకటి, పొద్దున ఒకటి తీసి అద్ది చూసి, సంచిలో దాచుకుంటి. ప్రతి రోజూ ఇదే. అంటే చెడేది నేను పోయినాంక, నేను వచ్చేలోపలే."

"మరి ఇవి మేడంకు చూపించి ఉంటే అప్పుడే తేలిపోయేది కదయ్యా!" అన్నాను.

"చూపిస్తే ఆ మధ్యలో తాళం యెవురి చేతిలో ఉండాదని అడుగుతారు గదక్కా."

సాహెబ్ తలెత్తాడు. "అంటే నేనని నీకు తెలుసా?"

"అనుకుంటి. తెలీదు." వాడు కాగితాలు మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. "నేను కండ్లతో చూడలా. చూడందాన్ని యా నోటితో చెప్పేది? చెప్పింటే మరుసటి దినమే నిన్ను పనిలోనుంచి తీసేస్తారు. ఒకవేళ నువ్వు కాకపోతే?"

అయిదేళ్ల చదువు పోతున్నా వాడు నోరు విప్పనిది ఆ ఒక్క 'ఒకవేళ' కోసం. మేమిద్దరం ఆ మాటను ఒక్కసారైనా అనుకోలేదు. సాహెబ్ పసుపు కొమ్ముల మధ్యలోనే కూలబడి, తుండు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాకు ఓదార్చడానికి ముఖం చెల్లలేదు.

సోమవారం వసంతకుమార్ వచ్చాడు. మేడం అందరి ముందూ తప్పు ఒప్పుకుని తాళంచెవి వాడి చేతిలో పెట్టింది. చీటీలు చింపేసి తెలుగులో పెద్దక్షరాలతో రాయించింది. నేను గాజు పలకలు ఇవ్వడానికి ల్యాబుకు పోయేసరికి, సాహెబ్ తన బల్లను మూలలోంచి ఈడ్చుకొచ్చి సరిగ్గా వసంతకుమార్ బల్లకు ఎదురుగా వేసుకుంటున్నాడు. పాలిమర్ మందు సీసా మూత తీయకుండా ముందు వాడికి చూపించాడు. పొట్టి చేతుల చొక్కా వేసుకుని, గొంతుక్కూర్చుని, రెండు చేతులూ వాడికి కనబడేటట్టు గాజు పలక మీద చాచాడు. కమలాపురం వాకిళ్లలో ఇరవై ఏళ్లు ఎలా కూర్చున్నాడో నాకప్పుడు కనబడింది.

"చూడు అల్లుడూ. పని అయ్యేదాకా నా చేతుల మీదనే ఉండనీ నీ చూపు."

వసంతకుమార్ నోటుపుస్తకం తీశాడు. స్టూలు తిప్పుకుని, సాహెబ్‌కు పూర్తిగా వీపు పెట్టి కూర్చుని, తేదీ రాసుకోవడం మొదలుపెట్టాడు.

"ఒక్కసారి చూడప్పా" అన్నాడు సాహెబ్. బతిమాలుతున్నాడు.

"నీళ్లు కాగినాయేమో చూడు మామా" అన్నాడు వాడు, తల తిప్పకుండా.